ఫైర్‌వాల్ ఎంత నొక్కినా ఆన్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఈ వరుసలో చెక్ చేయండి!

పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేశారు. స్క్రీన్ కింద కుడివైపు మూలన చిన్న డాలు బొమ్మ.. దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. క్లిక్ చేస్తే 'ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంది' అని మెసేజ్. సరే అని 'టర్న్ ఆన్' నొక్కారు. ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి.. మళ్లీ ఆఫ్! రీస్టార్ట్ చేసినా అదే కథ.

ఇక్కడే చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేసేస్తుంటారు. ఒకటి.. 'నెట్ వస్తోంది కదా, పని అవుతోంది కదా' అని వదిలేయడం. రెండోది.. రిపేర్ షాపులో 'ఫార్మాట్ కొట్టాలి సార్' అనగానే సరే అనేయడం. మొదటిదాంతో కంప్యూటర్‌కి కాపలా ఉండదు. రెండోదాంతో పిల్లల ఫొటోలు, షాపు లెక్కలు, బిల్లింగ్ డేటా.. బ్యాకప్ లేకపోతే అన్నీ గోవిందా!

నిజానికి ఫైర్‌వాల్ స్టార్ట్ కాకపోవడానికి కారణాలు లెక్కపెట్టినన్నే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఫార్మాట్ లేకుండానే సరిచేసుకోవచ్చు. అయితే ఒక్క కారణం మాత్రం నిజంగా ప్రమాదకరం. మీ కంప్యూటర్‌లో ఉన్నది ఏ కారణమో తెలుసుకోవాలంటే ఒక వరుస ప్రకారం వెళ్లాలి. ఫోన్‌లో ఈ పేజీ తెరిచి పక్కన పెట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చోండి. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, విండోస్ 11 కంప్యూటర్లకు వర్తిస్తాయి.

అసలు ఫైర్‌వాల్ చేసే పనేంటి?

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు కదా.. ఇదీ అంతే. లోపల ఉన్నవాళ్లు బయటికి వెళ్తుంటే అడ్డుకోడు. బయటి నుంచి తెలియని మనిషి వస్తే మాత్రం 'ఎవరు కావాలి? ఏ ఫ్లాట్?' అని ఆపుతాడు. విండోస్ ఫైర్‌వాల్ మామూలు సెట్టింగ్ కూడా సరిగ్గా ఇదే. మీ కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లను వదిలేస్తుంది. మీరు అడగకుండా బయటి నుంచి లోపలికి వచ్చే కనెక్షన్లను, ముందే అనుమతి ఇస్తే తప్ప, ఆపేస్తుంది.

ఇది లేకపోతే ఏమవుతుందో 2003 ఆగస్టులో ప్రపంచం చూసింది. బ్లాస్టర్ అనే వార్మ్ విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 2000 కంప్యూటర్ల మీద విరుచుకుపడింది. ఎవరూ ఏ లింకూ నొక్కలేదు, ఏ ఫైలూ తెరవలేదు. ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయి ఉండటమే వాళ్లు చేసిన తప్పు! స్క్రీన్ మీద 60 సెకన్ల కౌంట్‌డౌన్ వచ్చేది, కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. అప్పటికే ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది. కానీ ఆఫ్‌లో ఉండేది. ఆ తర్వాతి ఏడాది, 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ ఫైర్‌వాల్‌ను ముందుగానే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది.

2017 మేలో వచ్చిన వానాక్రై కూడా ఇలా నెట్‌వర్క్ దారిలోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకింది. ఫైల్ షేరింగ్‌కి వాడే 445 నంబర్ పోర్టు దాని దారి. బ్రిటన్‌లో ఆస్పత్రుల సేవలు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీస్ శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లు, బయటికి తెరిచి ఉన్న పోర్టులు.. ఈ రెండూ కలిసినచోట దెబ్బ గట్టిగా తగిలింది. అందుకే 'ఫైర్‌వాల్ లేకపోతే ఏమైంది?' అనుకోవడం మంచిది కాదు.

స్టెప్ 1: నిజంగా ఆగిపోయిందా? లేక ఇంకోటి కాపలా కాస్తోందా?

ముందుగా స్టార్ట్ మెనూలో 'విండోస్ సెక్యూరిటీ' అని వెతికి తెరవండి. అందులో 'ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్' నొక్కండి. అక్కడ డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు నెట్‌వర్క్‌లు కనిపిస్తాయి. ఇంట్లో సొంత వైఫై ప్రైవేట్ అనుకోండి. రైల్వే స్టేషన్, హోటల్ వైఫై పబ్లిక్. డొమైన్ అంటే పెద్ద ఆఫీసుల నెట్‌వర్క్.

ఇక్కడ వేరే యాంటీవైరస్ కంపెనీ పేరు కనిపిస్తోందా? అయితే కంగారు అక్కర్లేదు. చాలా పెయిడ్ యాంటీవైరస్‌లు సొంత ఫైర్‌వాల్‌తో వస్తాయి. అవి పని మొదలుపెట్టగానే విండోస్ ఫైర్‌వాల్ పక్కకు తప్పుకుంటుంది. ఒకే గేటుకి ఇద్దరు వాచ్‌మన్లు ఎందుకని!

చిక్కల్లా ఎక్కడంటే.. కొత్త ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చే ట్రయల్ యాంటీవైరస్‌లతో. గడువు అయిపోతుంది. మనం దాన్ని పట్టించుకోం. లేదా సగం సగం డిలీట్ చేస్తాం. దాని ముక్కలు లోపల మిగిలిపోయి, అటు అది పని చేయదు, ఇటు విండోస్ ఫైర్‌వాల్‌ను పని చేయనివ్వదు. అలాంటప్పుడు సెట్టింగ్స్‌లోని యాప్స్ లిస్టులోకి వెళ్లి దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆ కంపెనీ అధికారిక సైట్‌లో 'రిమూవల్ టూల్' ఉంటే అదీ ఒకసారి రన్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. కొందరికి పని ఇక్కడితోనే అయిపోతుంది.

స్టెప్ 2: 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని వస్తోందా?

ఆన్ బటన్ బూడిద రంగులో ఉండి, సెట్టింగ్స్‌ను మీ సంస్థ లేదా అడ్మినిస్ట్రేటర్ నిర్వహిస్తున్నారని ఇంగ్లిష్‌లో రాసి ఉంటే అది పాలసీ వ్యవహారం. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే చేయి పెట్టకండి, ఐటీ విభాగానికి చెప్పండి.

సొంత కంప్యూటర్‌లోనూ అలాగే వస్తోందంటే.. సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్', అందులో 'యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్' చూడండి. ఎప్పుడో పాత ఆఫీసు అకౌంటో, కాలేజీ అకౌంటో కలిపి మర్చిపోయి ఉండొచ్చు. దాంతో ఇప్పుడు పని లేదంటే డిస్‌కనెక్ట్ చేయండి. ఏ అకౌంటూ లేకుండానే ఆ మెసేజ్ వస్తోందా? అయితే 'కంప్యూటర్ స్పీడ్ పెంచుతాం' అంటూ వచ్చే ట్వీకింగ్ సాఫ్ట్‌వేరో, వైరసో పాలసీ మార్చి ఉండొచ్చు. నేరుగా స్టెప్ 6కి వెళ్లండి.

స్టెప్ 3: ఎర్రర్ నంబర్ చూడండి.. అందులోనే సగం జవాబు ఉంది

చాలామంది ఎర్రర్ బాక్స్ రాగానే ఓకే కొట్టేసి మూసేస్తారు. అలా చేయకండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఎందుకంటే ఆ నంబరే రోగం ఏంటో చెప్పేస్తుంది.

చివర 80070422 అని ఉంటే.. సర్వీస్‌ను ఎవరో 'డిజేబుల్' చేశారని అర్థం. పాడవలేదు, ఆపేశారంతే. తేలిగ్గా సరిచేయొచ్చు.

1068 అని వస్తే.. ఫైర్‌వాల్ తప్పేమీ లేదు. అది ఆధారపడిన ఇంకో సర్వీస్ లేవలేదని అర్థం.

1079 అని వస్తే.. ఆ సర్వీస్ ఏ ఖాతాతో నడవాలో ఆ వివరం తారుమారైంది.

5 లేదా 'యాక్సెస్ డినైడ్' అని వస్తే.. అనుమతులు చెడిపోయాయి. ఇది కాస్త సీరియస్.

1060 అని వస్తే.. ఆ సర్వీసే కంప్యూటర్‌లో లేదు! ఎవరో మొత్తంగా తీసేశారు. అన్నిటికన్నా ప్రమాద ఘంటిక ఇదే.

స్టెప్ 4: గేటు ఉందా? వాచ్‌మన్ ఉన్నాడా?

విండోస్ ఫైర్‌వాల్ ఒంటరిగా పని చేయదు. దాని కింద 'బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్' అని ఇంకో సర్వీస్ ఉంటుంది. పొట్టి పేరు బీఎఫ్‌ఈ. వాచ్‌మన్ ఫైర్‌వాల్ అయితే, గేటు ఈ బీఎఫ్‌ఈ. గేటే లేకపోతే వాచ్‌మన్ ఏం చేస్తాడు? అందుకే బీఎఫ్‌ఈ ఆగిపోతే ఫైర్‌వాల్ లేవదు. కొన్ని వీపీఎన్‌లు, వేరే కంపెనీల ఫైర్‌వాల్‌లు కూడా దీని మీదే ఆధారపడతాయి కాబట్టి అవీ మొరాయిస్తాయి. ఫైర్‌వాల్‌తో పాటు ఆఫీసు వీపీఎన్ కూడా పని చేయట్లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండింటి పరిస్థితి ఒకేసారి చూసేయొచ్చు. స్టార్ట్‌లో సీఎండీ అని టైప్ చేయండి. 'కమాండ్ ప్రాంప్ట్' కనిపిస్తుంది. దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. నల్ల స్క్రీన్ వస్తుంది. అందులో ఎస్‌సీ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక స్పేస్, క్వెరీ, ఇంకో స్పేస్, తర్వాత బీఎఫ్‌ఈ అనే మూడు అక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. పెద్ద అక్షరాలైనా చిన్న అక్షరాలైనా తేడా లేదు.

'స్టేట్' అనే వరుసలో 4, రన్నింగ్ అని ఉంటే గేటు బాగానే ఉంది. 1, స్టాప్డ్ అని ఉంటే ఆగిపోయింది. ఇప్పుడు అదే కమాండ్‌లో బీఎఫ్‌ఈ బదులు ఎం-పీ-ఎస్-ఎస్-వీ-సీ అనే ఆరు అక్షరాలు టైప్ చేయండి. అది ఫైర్‌వాల్ సర్వీస్ అసలు పేరు. దాని స్టేట్ కూడా చూడండి. ఒక జాగ్రత్త.. ఇది కమాండ్ ప్రాంప్ట్‌లోనే చేయాలి. నీలం రంగులో కనిపించే పవర్‌షెల్‌లో ఎస్‌సీ అనే మాటకి అర్థం వేరు.

ఇప్పుడు పరిస్థితి క్లియర్. రెండూ రన్నింగ్‌లో ఉన్నా ఫైర్‌వాల్ ఆఫ్ అని చూపిస్తుంటే అది సెట్టింగ్స్ సమస్య మాత్రమే. విండోస్ సెక్యూరిటీలో అదే ఫైర్‌వాల్ పేజీ కింద 'రీస్టోర్ ఫైర్‌వాల్స్ టు డిఫాల్ట్' అనే లింక్ ఉంటుంది. దాన్ని నొక్కితే అన్నీ మొదటి స్థితికి వచ్చేస్తాయి. అయితే షాపులో రెండు మూడు కంప్యూటర్లు కలిపి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు, ప్రింటర్ షేర్ చేసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇలా చేస్తే మునుపు ఇచ్చిన అనుమతులన్నీ పోతాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కి మళ్లీ కొత్తగా అనుమతి ఇవ్వాలి. షాపు రద్దీగా ఉన్న టైమ్‌లో కాకుండా, మూసే ముందు చేసుకుంటే మేలు.

స్టెప్ 5: ఆగిపోయిన సర్వీస్‌ను లేపడం ఎలా?

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. చిన్న బాక్స్ వస్తుంది. అందులో సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ అని టైప్ చేసి ఎంటర్ కొడితే సర్వీసుల పెద్ద లిస్ట్ తెరుచుకుంటుంది. ముందు 'రిమోట్ ప్రొసీజర్ కాల్', తర్వాత 'బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్', ఆ తర్వాత 'విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్'.. ఈ వరుసలోనే చూడండి. ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి కాబట్టి కింది నుంచి పైకి రావాలి. మూడింటికీ 'స్టార్టప్ టైప్' ఆటోమేటిక్ అని ఉండాలి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కారణం.. కొత్త విండోస్‌లలో ఈ సర్వీసుల స్టార్ట్, స్టాప్ బటన్లు బూడిద రంగులో ఉంటాయి, నొక్కనివ్వవు. కంప్యూటర్ పాడైందేమో అని భయపడాల్సిన పని లేదు. ఎవరూ పొరపాటున ఆపేయకుండా మైక్రోసాఫ్టే అలా తాళం వేసి పెట్టింది.

మరి డిజేబుల్ అయి ఉంటే ఎలా? రిజిస్ట్రీలోకి వెళ్లాలి. రిజిస్ట్రీ అంటే విండోస్ జాతకం లాంటిది. అందులో ఒక్క అంకె తప్పుగా మార్చినా కంప్యూటర్ మొరాయించొచ్చు. కాబట్టి ముందుగా స్టార్ట్‌లో 'క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్' అని వెతికి ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

తర్వాత విండోస్ బటన్, ఆర్ నొక్కి రెజ్‌ఎడిట్ అని టైప్ చేయండి. ఎడమవైపు లోకల్ మెషీన్ అని ముగిసే ఫోల్డర్, అందులో సిస్టమ్, అందులో కరెంట్ కంట్రోల్ సెట్, అందులో సర్వీసెస్.. ఇలా ఒక్కోటి తెరుచుకుంటూ వెళ్లండి. సర్వీసెస్ కింద అక్షర క్రమంలో బీఎఫ్‌ఈ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే కుడివైపు 'స్టార్ట్' అనే పేరు ఉంటుంది. దాని ఎదురుగా ఉన్న అంకె చూడండి. 2 అంటే ఆటోమేటిక్, 3 అంటే మాన్యువల్, 4 అంటే డిజేబుల్. 4 ఉంటే దొంగ దొరికినట్టే! దాని మీద డబుల్ క్లిక్ చేసి 2 పెట్టి ఓకే నొక్కండి. అదే లిస్టులో కిందికి వెళ్లి ఎం-పీ-ఎస్-ఎస్-వీ-సీ ఫోల్డర్‌లో కూడా ఇలాగే చేయండి. మిగతా వేటినీ ముట్టుకోకండి. రీస్టార్ట్ చేసి చూడండి.

'మార్చడానికి అనుమతి లేదు' అని వస్తే అక్కడితో ఆపేయండి. యాక్సెస్ డినైడ్, 1079 ఎర్రర్ల విషయంలోనూ అంతే. ఇవి అనుమతులకు, ఖాతాలకు సంబంధించిన సమస్యలు. ఎవరో పెట్టిన రెడీమేడ్ రిజిస్ట్రీ ఫైల్ డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ చేయడం లాంటి షార్ట్‌కట్లు వద్దు. ఆ ఫైల్‌లో ఇంకేం ఉందో మీకు తెలియదు. తర్వాతి స్టెప్‌లోని స్కాన్ చేశాకే రిపేర్‌కి వెళ్లండి.

స్టెప్ 6: సర్వీసే మాయమైందా? అయితే అనుమానం వైరస్ మీదే

ఇందాక చెప్పుకున్న ప్రమాదకరమైన కారణం ఇదే. ఎస్‌సీ కమాండ్‌కి 1060 అని జవాబు వచ్చినా, ఆన్ చేసిన ఫైర్‌వాల్ గంట తిరక్కుండా దానంతట అదే ఆఫ్ అవుతున్నా, విండోస్ అప్‌డేట్, డిఫెండర్ కూడా పని చేయకపోయినా.. దాన్ని మామూలు రిపేర్ అనుకోవద్దు. దొంగ ఇంట్లో దూరగానే ముందు సీసీ కెమెరా వైర్ కత్తిరిస్తాడు కదా. వైరస్‌లు చేసేదీ అదే.

దీనికి పేరుమోసిన ఉదాహరణ జీరోయాక్సెస్. ఇది కంప్యూటర్‌లో చేరగానే బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్, ఫైర్‌వాల్, డిఫెండర్ సర్వీసులను ఏకంగా తొలగించేసేది. 2013 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్, ఎఫ్‌బీఐ, యూరోపోల్ కలిసి దాని నెట్‌వర్క్ మీద దెబ్బ కొట్టాయి. అంతకుముందు 2008లో వచ్చిన కాన్ఫికర్ కూడా విండోస్ అప్‌డేట్, డిఫెండర్ లాంటి సర్వీసులను ఆపేసేది. ఆ పేర్లు పాతబడ్డాయి కానీ ఆ పద్ధతి పాతబడలేదు.

ఇలాంటివి కంప్యూటర్‌లోకి ఎలా వస్తాయంటే.. చాలాసార్లు మనమే పిలుచుకుంటాం. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, ఫ్రీ గేమ్, విండోస్ యాక్టివేటర్.. వీటితో వచ్చే సూచనల్లో మొదటి లైన్ ఏముంటుంది? 'ముందు యాంటీవైరస్, ఫైర్‌వాల్ ఆఫ్ చేయండి' అని! వాచ్‌మన్‌ని ఇంటికి పంపించి తలుపు తీయమని అడిగేవాడు చుట్టం అయి ఉండడు కదా.

అనుమానం వస్తే ఇలా చేయండి. ముందు వైఫై ఆపేయండి లేదా నెట్ కేబుల్ తీసేయండి. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు సైట్లు, జీఎస్టీ లాగిన్, ఈమెయిల్ ఏవీ తెరవకండి. ఇప్పటికే అందులో వాడిన పాస్‌వర్డ్‌లను వేరే సురక్షితమైన ఫోన్ నుంచో, కంప్యూటర్ నుంచో మార్చేయండి. ఆ కంప్యూటర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్‌ను ఇంకో దాంట్లో పెట్టకండి.

తర్వాత విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్', అందులో 'స్కాన్ ఆప్షన్స్'కి వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే స్కాన్ చేస్తుంది. దాదాపు 15 నిమిషాలు పడుతుంది. విండోస్ నిద్రలో ఉండగానే స్కాన్ జరుగుతుంది కాబట్టి వైరస్‌కి దాక్కునే అవకాశం తగ్గుతుంది.

డిఫెండరే పని చేయకపోతే వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 'సేఫ్టీ స్కానర్' డౌన్‌లోడ్ చేసుకుని తెచ్చి రన్ చేయొచ్చు. ఇది ఉచితం. అయితే డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకే గడువు తీరిపోతుంది, పాతది దాచుకుని వాడలేం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లోనూ ఉచిత క్లీనింగ్ టూల్స్ దొరుకుతాయి.

స్టెప్ 7: విండోస్ ఫైళ్లు పాడైతే రిపేర్ ఇలా

స్కాన్‌లో ఏమీ దొరకలేదు, లేదా దొరికింది తీసేశారు. అయినా ఫైర్‌వాల్ లేవట్లేదు. అప్పుడు విండోస్ సొంత ఫైళ్లు పాడై ఉండొచ్చు. దీనికి రెండు కమాండ్లు ఉన్నాయి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లోనే చేయాలి.

మొదటిది డీఐఎస్ఎం. ఆ నాలుగు అక్షరాల తర్వాత స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రీస్టోర్‌హెల్త్. చివరి మాటలో రీస్టోర్, హెల్త్ రెండూ కలిపి టైప్ చేయాలి. ఇది మంచి ఫైళ్లను విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ కావాలి. ఇంట్లో సొంత రౌటర్ వెనక ఉన్న నెట్ వాడండి. రౌటర్ కూడా బయటి నుంచి నేరుగా వచ్చే కనెక్షన్లను కొంతవరకు ఆపుతుంది. ఫైర్‌వాల్ లేని కంప్యూటర్‌ను హాస్టల్ వైఫైకో, హోటల్ వైఫైకో కలపడం మాత్రం వద్దు.

అది పూర్తయ్యాక రెండోది.. ఎస్‌ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ. స్కాన్, నౌ కలిపి టైప్ చేయాలి. మధ్యలో శాతం అంకె కదలకుండా ఆగినట్టు కనిపించినా విండో మూసేయకండి. పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి, స్టెప్ 4లోని ఎస్‌సీ కమాండ్‌లతో మళ్లీ చెక్ చేయండి.

అప్పటికీ కాకపోతే? సమస్య మొన్నటిదే అయితే సిస్టమ్ రీస్టోర్‌తో పాత తేదీకి వెళ్లొచ్చు. లేదంటే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ ఇన్‌స్టాలేషన్ ఫైల్ దించుకుని, 'ఫైళ్లు, యాప్‌లు అలాగే ఉంచు' అనే ఆప్షన్‌తో విండోస్ మీదే విండోస్ మళ్లీ వేసుకోవచ్చు. షాపువాళ్లు ఫార్మాట్ అంటే ముందు అడగాల్సింది ఇదే.. 'రిపేర్ ఇన్‌స్టాల్ చేసి చూశారా?' అని. వైరస్ పూర్తిగా పోలేదని తేలితే మాత్రం ఫార్మాటే సరైన మందు. అప్పుడు కూడా ఫొటోలు, డాక్యుమెంట్లు, లెక్కల డేటా బ్యాకప్ తీయించాకే ఒప్పుకోండి. పాత సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్లు మాత్రం కాపీ చేయించుకోకండి. వైరస్ వాటిలోనే దాక్కుని ఉండొచ్చు.

ఈ మూడు తప్పులు మాత్రం చేయొద్దు!

ఒకటి.. 'ఫైర్‌వాల్ సర్వీస్ ఆపేస్తే స్పీడ్ పెరుగుతుంది' అనే వీడియోలను నమ్మొద్దు. ఫైర్‌వాల్ స్విచ్ ఆఫ్ చేయడం వేరు, సర్వీస్‌నే ఆపేయడం వేరు. సర్వీస్‌ను ఆపేస్తే స్టార్ట్ మెనూ పని చేయకపోవడం, స్టోర్ యాప్‌లు ఇన్‌స్టాల్ కాకపోవడం లాంటి కొత్త తలనొప్పులు వస్తాయని మైక్రోసాఫ్టే హెచ్చరిస్తోంది. ఏదైనా సాఫ్ట్‌వేర్‌కి ఫైర్‌వాల్ అడ్డొస్తుంటే ఆ ఒక్కదానికే అనుమతి ఇవ్వండి. అదే పేజీలో 'అలో ఎన్ యాప్ త్రూ ఫైర్‌వాల్' అనే లింక్ అందుకే ఉంది.

రెండు.. 'ఫైర్‌వాల్ అలర్ట్! వెంటనే ఈ నంబర్‌కి కాల్ చేయండి' అని బ్రౌజర్‌లో పెద్ద శబ్దంతో వచ్చే పేజీలకు భయపడొద్దు. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌ల్లో ఫోన్ నంబర్ ఉండదు. కాల్ చేస్తే రిమోట్ యాప్ వేయమంటారు, తర్వాత మీ ఖాతా ఖాళీ చేస్తారు. పేజీ మూసేయండి. మూసుకోకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మూడు.. ఈవెంట్ వ్యూయర్‌లో ఒక ఎర్రర్ కనిపించగానే ఫైర్‌వాల్ పోయిందనుకోవద్దు. 2025 జూన్ చివర్లో వచ్చిన ఒక విండోస్ 11 అప్‌డేట్ తర్వాత, లాగ్‌లో 2042 నంబర్‌తో 'కాన్ఫిగ్ రీడ్ ఫెయిల్డ్' అనే ఎర్రర్ చాలామందికి కనిపించింది. ఫైర్‌వాల్ బాగానే పని చేస్తోందని, దాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పింది. అందుకే లాగ్ కన్నా ముందు సర్వీస్ రన్ అవుతోందా లేదా అన్నది చూడాలి.

ఆన్ అయ్యాక చేయాల్సింది ఇదే

ఫైర్‌వాల్ ఆన్ అయిందని సంబరపడిపోయి వదిలేయకండి. ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. మర్నాడు కూడా చూడండి. మళ్లీ ఆఫ్ అయితే ఏదో దాన్ని లోపలి నుంచి ఆపుతోందన్నమాట.. స్టెప్ 6కి తిరిగి వెళ్లాల్సిందే. నిలబడితే విండోస్ అప్‌డేట్‌లు అన్నీ వేసేయండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా అదే వాడుతున్నవాళ్లు విండోస్ 11కి మారే దారి చూసుకోవాలి, లేదంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే పొడిగింపు సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం నమోదు చేసుకోవాలి.

ఒక్క విషయం. ఫైర్‌వాల్ ఉంది కదా అని ధీమా వద్దు. వాట్సాప్‌లో వచ్చిన లింక్ మీరే నొక్కితే, ఓటీపీ మీరే చెబితే ఏ ఫైర్‌వాలూ ఆపలేదు. గేటు లోపలికి మీరే చేయి పట్టుకుని తీసుకొచ్చిన మనిషిని వాచ్‌మన్ ఎలా ఆపుతాడు? కానీ అర్ధరాత్రి గోడ దూకేవాణ్ని ఆపాలంటే మాత్రం ఆ వాచ్‌మన్ ఉండి తీరాలి. అందుకే ఎర్రటి ఇంటూ గుర్తు కనిపించిన రోజే ఒక అరగంట కేటాయించండి. ముందు ఎర్రర్ నంబర్ ఫొటో తీయండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. రిజిస్ట్రీ మార్పులు చేసే ముందు బ్యాకప్ తప్పనిసరి. ఆఫీసు, బ్యాంకు, ప్రభుత్వ కంప్యూటర్లలో మీ ఐటీ సిబ్బంది అనుమతి లేకుండా ఏ సెట్టింగూ మార్చకండి.